వ్యానెక్కి విజయనగరమునకు



మొన్నటి కార్తికమాసమున మా వీధివారము పదుమువ్వురము కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని, తెల్లవారుజామున అనంతపురమునుండి బయలుదేఱి, రెండు దినములపాటు హంపీ విజయనగరమును చూచి వచ్చితిమి. ఆ నగరమును గూర్చి చరిత్రకారులు వ్రాసిన గ్రంథములు పెక్కు గలవు. తెలుగువారిలో రాయల పేరు విననివారు లేరు. అయినను, పుస్తకమున చదివిన రాజధానికిని, పదుగురితో కలిసి నడచి, ఎండలో దప్పిగొని, నీడలో చతికిలబడి, ఒకరినొకరు ప్రశ్నించుకొనుచు చూచిన రాజధానికిని ఎంతో భేదము గలదని నాకా రెండు దినములలో తెలియవచ్చినది. ఆ భేదమునే నేడు మీకు విన్నవింతును.

మా వ్యానులోనివారిని గూర్చి ముందుగా చెప్పవలెను. ఏలయన, ఆ నగరమును నాకు చూపినది గైడుకంటె వారే. డెబ్బదియేండ్లు దాటిన ఒక అవ్వ, ఎనిమిదేండ్ల ఆమె మునిమనుమరాలు, ఇండ్లు కట్టు బేల్దారి మేస్త్రి యొకడు, అతని భార్య, తుంగభద్ర ఎగువకాలువ క్రింద నాలుగెకరముల మాగాణి చేసికొను రైతొకడు, ఉద్యోగము విరమించిన తెలుగు పండితుడు, కళాశాలలో చదువుకొను ఆడపిల్లలిద్దరు, మఱికొందఱు. పూర్వము మన పెద్దలు శ్రీశైలమునకో తిరుపతికో పోవలెననిన పదిబండ్లు కట్టుకొని, బియ్యము పప్పు మూటగట్టుకొని, నీరున్నచోట ఎద్దులను విప్పి, చెట్టుక్రింద వండుకొని తినుచు పోయెడివారట. ఆ బండ్లబారే నేడు వ్యానైనదని నాకు తోచును. అందఱును ఒక్కచోట కూర్చుండవలెను. అందఱిలో నెమ్మదిగ నడచువారి నడకయే అందఱికిని నడక కావలెను. ఒకరు తెచ్చిన చిత్రాన్నము పదుగురి ఆకులలో పడవలెను. సొంత కారులో పోయి చూచి వచ్చువారికి ఈ యిబ్బంది లేదు. ఈ యిబ్బందివలన కలుగు లాభమును వారికి లేదు.

ఉరవకొండ దాటి బళ్లారి దారి పట్టునప్పటికి తూర్పు తెల్లవాఱెను. ఇరుప్రక్కల నల్లరేగడి చేలలో అప్పుడే మొలకెత్తిన శనగ కనబడుచుండెను. రైతు కిటికీలోనుండి పడమటి దిక్కు చూపి, "మా కాలవకు తల ఆడుంది సార్. ఆడ నీళ్లుంటేనే ఈడ మాకు బతుకు" అనెను. అతడు చెప్పినది హోసపేట కడనున్న తుంగభద్ర ఆనకట్టను గూర్చి. 1945లో మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు కలిసి శంకుస్థాపన చేయగా, 1953నాటికి అందు నీరు నిలిచెను. అందుండి బయలుదేఱిన ఎగువకాలువయే మా అనంతపురము జిల్లా గొంతు తడుపుచున్నది. ఆ మాట విన్నంతనే, మేము పోవుచున్నది పరదేశమునకు కాదనియు, ఏ నదినీరు త్రాగుచుంటిమో ఆ నది యొడ్డుననున్న మన పూర్వుల యింటికే పోవుచున్నామనియు నా మనస్సున నొక యానందము పుట్టినది.

వ్యాను డ్రైవరు మంచివాడు. తెలుగును కన్నడమును సమముగ మాటలాడును. కాని, వ్యానులవారందఱివలెనే, ఒక్క పగటిలో హంపీ యంతయు చూపి రాత్రికి ఇల్లు చేర్తునని మొదట చెప్పినవాడే. ఐక్యరాజ్యసమితివారి సంస్థ 1986లో ప్రపంచ వారసత్వముగ గుర్తించిన ఆ ప్రదేశము నలువది చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందు నిలిచియున్న కట్టడములు 1600కు మించినవి. అంతటి నగరమును ఒక్క పగటిలో చూపుట యనగా, వ్యాను దిగుట, ఛాయాచిత్రము తీసికొనుట, వ్యానెక్కుట మాత్రమే. అందుచేత రాత్రి హోసపేటలో బస చేసి, రెండవ దినముకూడ ఉండునట్లు అతనిని ఒప్పించితిమి. ఆ రాత్రి బసకైన వ్యయమును ఆ యాత్రలోని వ్యయములన్నింటిలోను సార్థకమైనదిగ నేనెంచుచున్నాను.

మొదట విరూపాక్షస్వామి గుడి. సుమారు ఏబది మీటర్ల యెత్తున తొమ్మిదంతస్తుల తూర్పుగోపురము దూరమునుండియే కనబడును. ఈ దేవుడు రాజ్యమునకంటె పాతవాడు. 1336లో హరిహరరాయలు, బుక్కరాయలు రాజధానిని నెలకొల్పకమునుపే ఇచట పంపాపతి వెలసియుండెను; ఆ రాజులు ఆయన పేరనే శాసనములకు చేవ్రాలు చేసిరి; రాజ్యము పోయిన తరువాతను ఆయన పూజ సాగుచునే యున్నది. అవ్వ యింటినుండి తెచ్చిన నేతివత్తిని అచ్చట వెలిగించి, కొబ్బరికాయ కొట్టించి, గైడు చెప్పు సంవత్సరములను లెక్కింపక, దేవుని యెదుట చాలసేపు నిలిచెను. రంగమండపము కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున 1510లో కట్టించినది; దాని కప్పుమీది వర్ణచిత్రములలో విద్యారణ్యస్వామి పల్లకిలో ఊరేగుచున్నట్లు వ్రాసిన పట్టీ యొకటి గలదు. గర్భాలయమునకు వెనుక నొక చీకటిగదిలో, గోడకున్న చిన్న రంధ్రముగుండ వచ్చిన వెలుతురు ఎదుటిగోడపై గోపురపు నీడను తలక్రిందుగ చూపును. మా ఆడపిల్లలిద్దరును వెలుతురు సూటిగ పోవుటచేత అది యట్లు తిరుగబడునని వేళ్లతో చూపి చెప్పగా, మేస్త్రి రెండుమార్లు రంధ్రము కడకు పోయి, చేయి అడ్డముపెట్టి, ఆ నీడ మాయమగుట చూచి వచ్చి, తృప్తిపడెను.

హేమకూటముమీది చిన్న గుళ్లను, సాసివేకాళు, కడలేకాళు గణపతులను చూచుచు క్రిందికి దిగితిమి. ఆవగింజ, శనగగింజ యని ఆ మహాశిలామూర్తులకు పేరు పెట్టిన జనుల ముద్దు నాకు మిక్కిలి నచ్చినది. అటుపిమ్మట కృష్ణాలయము. కృష్ణదేవరాయలు మన నెల్లూరుసీమలోని ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి ఇచట ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. తెలుగు పండితులవారు ఆ గుడియెదుటి పాడుపడిన అంగడివీధిలో ఒక స్తంభమును ఆనుకొని కూర్చుండి, మేము పిలిచినను రాక, అరగంటసేపు మౌనముగ నుండిరి. వ్యానులో ఎవ్వరును ఆయనను తొందరపెట్టలేదు. ఇట్టి నిదానమునకై ముందుగనే సిద్ధపడి రానివారు పదిమందితో యాత్ర సేయరాదు.

ఆ చేరువనే ఒక్క బండలో మలచిన ఉగ్రనరసింహమూర్తి, 6.7 మీటర్ల యెత్తు. 1528నాటిది, అనగా రాయల చివరి దినములది. తొడపై కూర్చున్న లక్ష్మి విగ్రహము ధ్వంసమైనది. మేస్త్రి మూర్తి వెనుకకు పోయి మమ్ము పిలిచెను. స్వామి నడుము చుట్టి పట్టుకొనిన అమ్మవారి చేయి యొక్కటి అచ్చట మిగిలియున్నది. ఉంగరములతోకూడిన ఆ వ్రేళ్లను చూచి మేస్త్రి భార్య కన్నీరు పెట్టుకొన్నది. ప్రక్క గుడిలో బడవిలింగము మూడు మీటర్ల యెత్తున నీటిలో నిలిచియున్నది. అది వాననీరు కాదు. పొలములకు పాఱు కాలువనీరు ఆ గర్భాలయముగుండ పోవుచున్నది. ఆ నీటిని చూచి రైతు, "ఇది యాడ్నుంచి వస్తాంది?" అని అడిగెను. గైడు "కెనాల్" అని ఒక్క మాట చెప్పి ముందునకు నడచెను. ఆ ప్రశ్న మమ్ము మఱునాటి సాయంకాలముదాక విడువలేదు.

మధ్యాహ్నము రాజాంగణమునకు చేరితిమి. విశాలమైన ఆ ఆవరణమునందంతటను పునాదులు, పునాదులు, పునాదులు. సోపానములున్నవి, ఎక్కిన తరువాత గది లేదు. అరుగులున్నవి, పైకప్పు లేదు. స్తంభములు నిలిపిన గుంటలున్నవి, స్తంభములు లేవు. అవ్వ ఒక మెట్టుమీద కూర్చుండి, గైడును పిలిచి, "నాయనా, రాజు యాడ పండుకుంటాండె?" అని అడిగెను. అతడు చేతితో ఆ పునాదులను చూపి, "ఇక్కడే అవ్వా, అంతా కట్టెతో కట్టినారు, కాలిపోయింది" అనెను. అవ్వ చాలసేపు ఆ ఖాళీస్థలమును చూచి, "అయ్యో" అని ఊరకుండెను.

అవ్వ ప్రశ్నకంటె లోతైన ప్రశ్న ఆ స్థలమున వేయుట నాకు సాధ్యమగునని తోచదు. ఆ చక్రవర్తులు దేవతలకు రాతితో ఇండ్లు కట్టించి, తాము చందనపు చెక్కలతోను దంతపు పనితనముతోను అలంకరించిన కొయ్యమేడలలో నివసించిరి. రాయల భవనమునందు దంతముతో చేసిన గదినొకదానిని తాను చూచితినని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతమున వ్రాసెను. కొండ యెక్కి చూడగా ఈ నగరము రోమునంత పెద్దదిగ కనబడెననియు, లోకమునందలి పట్టణములలో సకలపదార్థసమృద్ధమైనది ఇదియే యనియు అతడే పొగడెను. అటుపిమ్మట నలువదియైదేండ్లకే, 1565 జనవరి 23వ తేదీన, కృష్ణాతీరమున రక్కసి తంగడి చెంత దక్కను సుల్తానులతో జరిగిన యుద్ధములో, రాజ్యభారము వహించిన వృద్ధుడైన అళియ రామరాయలు పట్టుబడి వధింపబడెను. గెలిచినవారిలో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా యొకడు. అతడు యౌవనమున దిక్కులేక వచ్చినపుడు ఏడేండ్లు రామరాయల యాశ్రయముననే యిచ్చట నుండెను. తెలుగు నేర్చి, తెలుగు కవులచేత మల్కిభరాముడని కొనియాడబడెను. తనకు నీడనిచ్చిన నగరము కాలునపుడు అతని హృదయమున నేమి తోచెనో చరిత్ర చెప్పలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ధనమును కుటుంబమును ఏనుగులపై నెక్కించుకొని మన పెనుగొండకు తరలిపోయెను. కొన్ని మాసములు దోపిడి సాగెను. 1567లో ఈ దారి వచ్చిన వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరికు, ఇండ్లింకను నిలిచియున్నను అందు పులులును ఇతర వన్యమృగములును తప్ప మనుష్యులు లేరని వ్రాసెను.

పండితులవారు రాయల భువనవిజయ సభామంటపము ఏదని గైడునడిగిరి. అతడొక పునాదిని చూపెను. వేఱొక గైడు వేఱొక పునాదిని చూపును. ఇదియే భువనవిజయమని తెలుపు శాసనము ఏ పునాదిమీదను లేదు. ఆయన అది యెఱిగియే అడిగిరి. అంతట మహానవమి దిబ్బ యెక్కి, దాని పక్షముల చుట్టును చెక్కిన గుఱ్ఱములను, ఏనుగులను, వేటగాండ్రను, నాట్యకత్తెలను చూచుచు, ప్రౌఢదేవరాయల కథ చెప్పిరి. శ్రీనాథుడు వచ్చి, గౌడడిండిమభట్టును వాదమున గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందినది ఆ రాజు కొలువుననే. హిరాతు పాదుషా రాయబారిగ 1443లో అబ్దుర్ రజాకు వచ్చి మహానవమి వేడుకలు చూచినదియు ఆ రాజు కాలముననే. ఒకే సభను మన కవియొకడు, పారసీకుడొకడు చూచిరనుకొనినపుడు ఆ దిబ్బ నాకు రాతికుప్పగ కనబడలేదు. అబ్దుర్ రజాకు వ్రాసిన వానిలో ఏడు కోటగోడలనుగూర్చి యందఱును చెప్పుదురు. అతడే, రాజమందిరపు చుట్టుప్రక్కల నున్నగ చెక్కిన రాతికాలువలలో నీరు పాఱుచుండెననికూడ వ్రాసెను. ఆ మాటను ఎక్కువమంది స్మరింపరు.

ఆ రాతికాలువలు మా కన్నులయెదుటనే యున్నవి! వరుసగ నిలిపిన రాతికంబములమీద తొట్లవలె తొలిచిన రాళ్లను జోడించి, ఒకదాని నీరు మఱియొకదానిలో పడునట్లు అమర్చి, ఆ మెట్టభూమికి నీరెక్కించిరి. ఆ కాలువ సమీపముననే, 1980ల త్రవ్వకములలో బయటపడిన మెట్లకోనేరు గలదు. నల్లరాతితో ఐదంతస్తులుగ దిగుచు, చదరంగపు బల్లవలె తీర్చినట్లున్న ఆ కోనేటిని చూచి మేమందఱమును మాటలుడిగి నిలిచితిమి. చుట్టును ఉన్న కొండలన్నియు గ్రానైటు; ఈ నల్లరాయి వేఱుజాతిది. మేస్త్రి కంచెకు వీలైనంత చేరువగ పోయి, మోకాళ్లమీద కూర్చుండి, రాళ్లపైనున్న చిన్నచిన్న అక్షరములను చూపి, అవి యేమిటని గైడునడిగెను. ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నవ రాయిగ పెట్టవలెనో తెలుపుచు చెక్కిన కన్నడ గుర్తులని అతడు చెప్పెను. మేస్త్రి లేచి నిలిచి, "మేమూ ఇట్లనే గుర్తేసుకుంటాము సార్. రాయి ఒకచోట చెక్కి ఇంకోచోట అతకాలంటే గుర్తు లేకపోతే అతకదు. వీడు నాలాంటోడే" అనెను.

వీడు నాలాంటోడే. ఆ మాటలో, ఐదాఱు శతాబ్దముల నాటి పేరు తెలియని శిల్పియొకడు మా వ్యానులోనికి ఎక్కి కూర్చున్నట్లయినది. రాజుల పేరులన్నియు మనము కంఠస్థము చేసితిమి. కోనేటి రాతిమీద అంకెవేసినవాని పేరు చరిత్రలో లేదు. అతడు వేసిన అంకె మాత్రము నేటికిని తప్పలేదు. ఆ రాయి తన చోటనే యున్నది.

నీటిపని ఆ రాజ్యమున రాజధానికి మాత్రమే పరిమితమైనది కాదని అచ్చట మా తోడివారికి చెప్పితిని. మా అనంతపురమున కెదురుగనున్న చెఱువునకును ఊరికిని బుక్కరాయసముద్రమని నేటికిని పేరు. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. 1369నాటి దాని శాసనమున, చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములు వివరింపబడినవి. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రమెఱిగిన పండితుడు, గట్టిమన్ను గల నేల, మంచినీటి నది, రాతిపని వచ్చిన నేర్పరులు మొదలగునవి యందు గలవు. విడువదగిన దోషములును చెప్పబడినవి. దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు ఆ కట్ట పూర్తియయ్యెనట. ఆ చెఱువు నేటికిని ఉన్నది.

ఇంతటి గొప్పను చెప్పుచు మఱియొకటి దాచుట న్యాయము కాదు. కృష్ణదేవరాయలు నాగలాపురమునకు, అనగా నేటి హోసపేటకు, రెండు కొండల నడుమ కట్టించిన పెద్దచెఱువు పని జరుగుచుండగా పేస్ చూచెను. పదునైదు ఇరువదివేల మంది చీమలవలె నేల కనబడకుండ పనిచేయుచుండిరని అతడు వ్రాసెను. కట్ట రెండుమూడు మార్లు తెగగా, రాజు బ్రాహ్మణులనడిగి, మరణశిక్షకు పాత్రులైన అఱువదిమందిని, గుఱ్ఱములను, దున్నపోతులను అచ్చట బలియిప్పించెననికూడ వ్రాసెను. ఆముక్తమాల్యద రచించిన ఆ చేతి యాజ్ఞనుండి అదియు పుట్టెనని తలచినపుడు నా మనస్సు కలగినది. రాయలయందు మనకున్న ప్రేమ ఆ వార్తను మఱచుటకు కారణము కాకూడదు. ఆ నీటిధరలో ఆ ప్రాణములును చేరినవి.

రాణివాసపు స్నానగృహమును, కమలమహలును, పదునొకండు గుమ్మటముల ఏనుగుసాలలను త్వరత్వరగా చూచితిమి. అవి యందమైనవే; వాని చిత్రములు గోడపంచాంగములలో మీరెల్లరును చూచినవారే. హజారరామాలయము మాత్రము త్వరపడి చూడదగినది కాదు. గోడలపై రామకథ బారులు బారులుగ చెక్కబడియున్నది. అవ్వ తన మునిమనుమరాలిని చేయిపట్టుకొని, చదువు రాకపోయినను ఒక్క బొమ్మయు విడువక, ఇది విల్లు విఱుచుట, ఇది బంగారులేడి యని చెప్పుచు గుడి చుట్టి వచ్చినది. గైడు ప్రక్కకు తొలగి వినుచుండెను.

రెండవనాటి ఉదయమున విఠలాలయము. వ్యానును దూరముగ ఆపి, బ్యాటరీబండిలో పోవలెను. ఆ యేర్పాటు మంచిది, పొగయు అదురును ఆ రాళ్లకు సోకవు. మండపపు స్తంభములను తట్టిన సప్తస్వరములు పలుకునని ప్రఖ్యాతి; తరతరములుగ వచ్చినవారందఱును తట్టి తట్టి వానిని గాయపఱచుటచేత ఇపుడు దగ్గరకు పోనీయరు. వారింపబడిన పిమ్మటను, త్రాడు దాటి ఒక యువకుడు తాళపుచెవితో స్తంభమును కొట్టుట నేను కన్నులార చూచితిని. ఐదువందల యేండ్లు ఓర్చిన రాయి మన చేతిలో పగులుట కంటె సిగ్గుచేటు మఱేమి యుండును? పాప తన తాతయిచ్చిన ఏబదిరూపాయల నోటును మడత విప్పి, అందలి రాతిరథమును, ఎదుటి రాతిరథమును మార్చి మార్చి చూచి, "మన తేరుకున్నట్ల దీనికి పైన గోపురం లేదేంటి?" అని యడిగినది. 1856లో గ్రీన్లా దొర తీసిన ఛాయాచిత్రమున ఆ రథముపై ఇటుకశిఖరము కనబడును. తరువాత దానిని తీసివేసిరి. నోటుమీద నున్నది శిఖరము పోయిన రథమే. ఆ గుడిలో దేవుడు లేడు, పూజ లేదు. అవ్వ బయటి రాతిమీదనే కూర్చుండి, లోనికి రానని చెప్పినది. "దీపం లేని గుడికి నేనెందుకు నాయనా" అనెను. ఆ కట్టడపు సౌందర్యమును గూర్చి నాకెంత చెప్పవలెననియున్నను, ఆ మాట విన్న పిమ్మట నాకు నోరు రాలేదు.

భోజనములైన తరువాత వ్యాను ఇంటిదారి పట్టవలసియుండెను. అపుడు రైతు, "సార్, ఆ నీళ్లు యాడ్నుంచి వస్తాండాయో చూడకుండా పోతే నాకు నిద్ర పట్టదు" అనెను. హంపినుండి కమలాపురమునకు పోవు దారిలో అరటితోటల నడుమ వ్యాను ఆపించితిమి. రెండు ప్రక్కల రాళ్లు పేర్చిన గట్ల నడుమ, తేటగ, వేగముగ కాలువ పాఱుచున్నది. అచ్చట అరటి కోయుచున్న వృద్ధుడొకడు, డ్రైవరు కన్నడమున అడుగగా, అది రాయల కాలపు కాలువయే యని, తుంగభద్రమీది పాత రాతి ఆనకట్టనుండి వచ్చుచున్నదని, తన తాతముత్తాతలు ఆ నీటితోనే సాగుచేసిరని చెప్పెను. తుర్తు, హిరియ మొదలగు పేరులుగల విజయనగరపు కాలువలు పెక్కులు నేటికిని పొలములకు పాఱుచునే యున్నవి. పగిలిన విగ్రహములను, కాలిన మేడలను రెండు దినములు చూచిన మేము, కాలువ గట్టున నిలిచి, ఆ రాజధానిలో చెడనిది ఇది యొకటి యని కన్నులార చూచితిమి.

రైతు చెప్పులు విడిచి, నీటిలో దిగి, ముఖము కడిగికొని, దోసిటితో త్రాగి, చాలసేపు మాటాడలేదు. ఆ తరువాత, "మాది మా నాయన కాలంలో తవ్విన కాలవ. అప్పుడే చివరకు నీళ్లు రావు. దీన్ని యెవరో అప్పటి నుంచీ పూడిక తీస్తానే ఉండారు సార్, లేకుంటే ఇట్ల పారదు" అనెను. అతడు చెప్పినది సత్యము. తుంగభద్ర జలాశయము కట్టిననాడు అందు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది; ఒండ్రు పేరుకొని నేడు సుమారు 105కు దిగినది. 2024 ఆగస్టులో గొలుసు తెగి పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినపుడు మూడు రాష్ట్రముల రైతులు నిద్రలేక గడిపిరి. నీటికట్టడము కట్టిననాటి రాజు కీర్తితో నిలువదు; ఏటేట పాఱపట్టి పూడిక తీయు చేతులతో నిలుచును. దిబ్బమీద చెక్కిన ఊరేగింపులలో ఆ చేతులవారు నాకెచ్చటను కనబడలేదు.

అవ్వ వ్యానులోనుండి దిగి వచ్చి, తన ఇత్తడిచెంబును కాలువలో ముంచి నింపి, మూతపెట్టి, ఒడిలో పెట్టుకొన్నది. బళ్లారి దాటువఱకు అది యొలుకకుండ పట్టుకొనియే యున్నది.

శ్రోతలారా, మీలో ఎందఱో ఈ చలికాలమున పదుగురు కలిసి వ్యానులో హంపీకి పోవనున్నారు. డ్రైవరు చెప్పిన జాబితాలో ఈ కాలువ పేరుండదు. గైడు దానిని చూపడు. అచ్చట ప్రవేశరుసుమును లేదు, పలకయును లేదు. మీ తిరుగు ప్రయాణమున, హంపి కమలాపురముల నడుమ, అరటితోటల కడ పది నిమిషములు వ్యాను ఆపింపుడు; మీలో వ్యవసాయము తెలిసినవారెవరైన నున్నచో వారిని ముందు దిగనిండు.